లష్కరులో ఐ.పీ.

మన తెలుగునాట నొక మనుష్యుని గూర్చి పలుకదగిన మాటలలో మిక్కిలి కఠినమైనది తిట్టు కాదు, "వాడు ఐ.పీ. పెట్టినాడు" అను మాట. ఇది ఇన్‌సాల్వెన్సీ పిటిషను అను రెండు ఇంగ్లీషు పదముల మొదటి యక్షరములనుండి పుట్టినదని పలుకువారిలో పలువు రెఱుగరు. ఎఱుగకున్నను ఆ మాట యనునప్పుడు గొంతు తగ్గించుట మాత్రము అందఱు నెఱుగుదురు. పల్లెలో రచ్చబండకడను, పట్టణములో పెండ్లిపందిటిలోను ఆ రెండక్షరములు వినబడినంతనే సంబంధము మాటలాడవచ్చినవారు చెప్పులు వెదకికొందురు. చెఱసాలకు పోయివచ్చినవానికైన బంధువులు కొన్నినాళ్లకు కుర్చీ వేయుదురు గాని, ఐ.పీ. పెట్టినవానికి వేయరు. ఈ మాటలో విషమెంత, మందెంత యని విచారించుటయే యీ వ్యాసముయొక్క ప్రయోజనము.

మేము జూబిలీహిల్సు కొండవాలున ఫిలింనగరునకు దాపున నివసించుచున్నాము. బడిపంతుళ్లకు ఇచ్చట మేడ లుండవు. మేడల నడుమ నద్దెకు దొరకు రెండుగదులే యుండును. 1976లో అన్నపూర్ణా స్టూడియో ఈ కొండలలో వెలసినది మొదలు తెలుగు చలనచిత్ర పరిశ్రమ మదరాసునుండి కొంచెము కొంచెముగా నిచ్చటికి తరలివచ్చెను. కొండమీద తారల మేడలు, కొండక్రింద కృష్ణానగరులో ఒక్కొక్క గదిలో నలుగురైదుగురు చొప్పున వేషములకై యెదురుచూచు పిల్లలు. ఈ రెండింటిని కలుపుచున్నది కళ యని లోకులందురు. మేము చూచినంతలో నీ రెండింటిని కలుపుచున్నది అప్పు. నిర్మాత వడ్డీకి తెచ్చి చిత్రము మొదలుపెట్టును. చిత్రము విడుదలయైనగాని సొమ్ము రాదు. అంతవరకు దుస్తులవాడు, దీపములవాడు, భోజనములు తెచ్చువాడు తమ కూలికై కాచియుండవలెను. కాచియున్నన్నాళ్లు వారును వడ్డీకి తెచ్చుకొందురు. పైనున్నవాని అప్పు కోట్లలోను, క్రిందనున్నవాని అప్పు వేలలోను ఉండును గాని గొలుసు మాత్రమొక్కటియే.

ఈ గొలుసు క్రొత్తది కాదు. భక్తపాత్రలచే నాంధ్రదేశమునంతయు కన్నీరు పెట్టించిన చిత్తూరు నాగయ్యగారు చేతికి వచ్చినదంతయు దానములకును చిత్రనిర్మాణమునకును వెచ్చించి కడపటి దినములలో లేమి ననుభవించిరి. మహానటి సావిత్రి తానే చిత్రములు తీసి యాస్తులు పోగొట్టుకొని 1981లో కన్నుమూసెను. వీరినిగూర్చి చెప్పునప్పుడు మనము "అయ్యో" యందుము. ఎదురింటివానికి అదే గతి పట్టినప్పుడు "ఐ.పీ. గాడు" అందుము. 'అప్పుచేసి పప్పుకూడు' అను సామెతతో 1959లో నొక చిత్రము వచ్చి జనులను కడుపుబ్బ నవ్వించెను. తెరమీది అప్పు నవ్వించును. గుమ్మములోని యప్పు నవ్వనియ్యదు.

మా మిత్రు డొకడు గలడు. ఆయన పేరు చెప్పము. ఆయన యిల్లు సికిందరాబాదులో తిరుమలగిరి వైపున నున్నది, వ్యాపారము ఫిలింనగరులోను. వారి తాత దండులో సిపాయీలకు దుస్తులు కుట్టినవాడు. తాతగారి కత్తెర తండ్రికిని, తండ్రినుండి యాయనకును వచ్చినది. నిజమైన సిపాయీల పని తగ్గగా ఆయన చిత్రములలోని సిపాయీలకు కుట్టసాగెను. ఆయన పెట్టెలలో హవల్దారునుండి సేనాధిపతివఱకు అందఱి దుస్తులు నుండును. మా పాఠశాల వార్షికోత్సవములకు అల్లూరి సీతారామరాజు నాటకము వేయునప్పుడు తెల్లదొరల దుస్తు లాయనయే యద్దె పుచ్చుకొనక ఇచ్చువాడు. మా పరిచయ మట్లు కలిగినది.

ఆయన నెఱుగవలెనన్న ఆయన యూరి నెఱుగవలెను. సికిందరాబాదు బజారుకొఱకో తీర్థముకొఱకో పుట్టిన యూరు గాదు. దండుకొఱకు పుట్టిన యూరు. 1798లో నిజాం అలీఖాను ఇంగ్లీషు కుంపిణీతో సంధి చేసికొని, వారి సైన్యమును తన ఖర్చుపై నిలుపుకొనుట కొప్పుకొనెను. ఆ సైన్యము హుస్సేనుసాగరమునకు ఉత్తరమున గుడారములు వేసెను. 1806లో ఆ దండునకు మూడవ నిజాము సికందర్ జా పేర సికిందరాబాదని పేరిడిరి. జనులు మాత్రము దానిని నేటికిని లష్కరనియే పిలుతురు. ఆషాఢమాసమున 'లష్కరు బోనాలు' అనునప్పుడు ఆ పేరు దేవతకు సైతము చెందును. అచ్చటి ఉజ్జయినీ మహంకాళి ఆలయమును గూర్చి చెప్పుకొను కథ కూడ దండు కథయే. దండులో డోలీ మోయు అప్పయ్య ఉజ్జయినికి బదిలీయై, కలరా చెలరేగిన దినములలో మ్రొక్కుకొని, 1815లో తిరిగివచ్చి అమ్మవారిని ప్రతిష్ఠించెనట. కత్తి పట్టినవాని పేరు ఊరికి వచ్చెను; డోలీ మోసినవాని మ్రొక్కు ఊరికి ఇలవేల్పాయెను.

దండు పుట్టించిన యూరికి దండు గుణములే వచ్చును. బొలారము, తిరుమలగిరి, మారేడుపల్లి వీథులలో నేటికిని చెట్లు వరుస తప్పవు. వృద్ధుడైన సుబేదారు పింఛనునాడు బూట్లకు మెఱుగు పెట్టుకొని బయలుదేరును. అందఱికిని నెల మొదటి తేది యొక పండుగ. ముప్పదవ తేది యొక వ్రతము. నడుమ దినములు ఖాతామీద నడచును. సైనికునికి అంగడివాడు అప్పిచ్చుట జీతము తప్పదను నమ్మకముమీద. జీతము తప్పదనుట సర్కారుమీది నమ్మకముమీద. ఈ క్రమమువలన ఆ యూరివారికి ఒక గొప్ప సుగుణ మలవడినది: మాట తప్పరాదు. దానివెంట నొక దోషమును అలవడినది: తప్పినప్పుడు పెదవి విప్పరాదు. వీపు నిటారుగా నిలుపుట నేర్చిన యూరు, భారము దింపుకొనుట నేర్వలేదు.

ఐనను ఆ దండుయొక్క చరిత్రను విప్పి చూచినచో అది మొదటినుండియు అప్పుల చరిత్రయే. కుంపిణీ సహాయసైన్యము చాలక, ఇంగ్లీషు అధికారుల క్రింద కంటింజెంటు అను మఱియొక సైన్యమును నిజామే పోషింపవలసివచ్చెను. దాని జీతములకు రొక్క మెక్కడిది? 1814లో హైదరాబాదున వెలసిన పామరు కంపెనీ వడ్డీకి సమకూర్చెను. వడ్డీ నూటికి ఇరువదియైదువఱకు పోయెను. చార్లెసు మెట్కాఫు రెసిడెంటై వచ్చి యీ వ్యవహారమును బయటపెట్టెను. ఉత్తరసర్కారులకై కుంపిణీ నిజామునకు ఏటేట చెల్లించు ఏడులక్షల పేష్కషును 1823లో ఏకమొత్తముగా లెక్కగట్టి, కోటికిపైగా నైన సొమ్మును పామరు బాకీలు తీర్చుట కుపయోగించిరి. అనగా రాజమహేంద్రవరము, శ్రీకాకుళము సీమలపై రావలసిన రాబడి లష్కరు సిపాయీల జీతపు వడ్డీక్రింద శాశ్వతముగా చెల్లిపోయెను. పామరు కంపెనీయు మరుసటి యేటనే దివాలా తీసెను. అంతటితో తీరలేదు. కంటింజెంటు బాకీ మరల పెరిగి, 1853లో పత్తిపంటకు పేరుపొందిన బీరారు సీమనే కుంపిణీ చేతిలో పెట్టవలసివచ్చెను. ఆ యేటనే దివానైన సాలారుజంగు మొట్టమొదట చేసిన పని యేమి? లెక్క వ్రాయించుట. ఎవరి కెంత, ఏ తాకట్టుమీద, ఏ వడ్డీకి అని లెక్క తేల్చుట. అటుపిమ్మట ముప్పదియేండ్లు ఆయన ఆ రాజ్యమును నిలిపెను.

రాజు బాకీపడినప్పుడు దానికి సంధి యని పేరు. చరిత్రపుస్తకములలో తారీఖుతోకూడ ముద్రింతురు, మేము పిల్లలచేత వల్లెవేయింతుము. బెంగుళూరిలోని యొక క్లబ్బు పుస్తకమున 1899 నాటి రాని బాకీల పట్టికలో లెఫ్టినెంటు చర్చిలు పేర 13 రూపాయలున్నవి. దానిని నేడు సగర్వముగా చూపుదురు. దర్జీవాడు బాకీపడినప్పుడు మాత్రము దానికి అపకీర్తి యని పేరు.

2020 మార్చిలో కరోనా మహమ్మారివలన చిత్రీకరణములు నిలిచిపోయినవి. మా మిత్రుని దుస్తులు పెట్టెలలోనే యుండెను. అంతకు ముందటి యేడు పెద్దకుమార్తె వివాహమునకు శక్తికి మించి ఖర్చుచేసియుండెను. మొదట బ్యాంకు వ్యక్తిగత ఋణము; తరువాత భార్య నగలు తాకట్టు; తరువాత నూటికి నెలకు మూడును, ఐదును పుచ్చుకొను ప్రైవేటు ఫైనాన్సువారు; కడపట చేతిఫోనులో క్షణములో సొమ్మిచ్చు యాపులు. ఒక యప్పు తీర్చుటకు మఱియొక యప్పు. నీరు తోడి నీటిలోనే పోసినట్లు. ఫైనాన్సువారిలో నొకని పత్రముమీద బావమఱది హామీసంతకము చేసెను. ఇంకొకడు సంతకము చేసిన ఖాళీ చెక్కులు పుచ్చుకొనియుండెను. ఇంత జరుగుచున్నను భార్యకు నగల సంగతి తప్ప తక్కిన దేదియు తెలియదు.

యాపులవారు ఆయన ఫోనులోని పేర్లన్నిటికి నీచమైన సందేశములు పంపినప్పుడు మాకును ఒకటి వచ్చినది. 2020 డిసెంబరులో నిట్టి వేధింపులకు తాళలేక తెలంగాణమున కొందఱు ప్రాణములు తీసికొనినట్లు చదివియుంటిమి. ఆ సాయంకాలమే మేము తిరుమలగిరికి పోయితిమి. ఆయన పెట్టెల నడుమ నేలమీద కూర్చుండియుండెను. చాలసేపు పలుకలేదు. పిదప నిట్లనెను: "సారూ, ఐ.పీ. పెట్టుమని వకీలు చెప్తున్నడు. ఐ.పీ. పెడితే మా లష్కరుల నన్ను మనిషి లెక్క చూస్తరా? దానికన్న ట్యాంకుబండే నయం కాదా?" ట్యాంకుబండనగా హుస్సేనుసాగరపు గట్టు. ఆ మాటలో ఐ.పీ.కి చావుకంటె ఎక్కువ వెల కట్టబడియుండుట చదువరులు గమనింపవలెను.

ఆయన భార్యను పిలిచి ఆయనయెదుటనే సంగతి చెప్పించితిమి. ఆమె యేడ్వలేదు. "ఇన్నొద్దులు ఒక్కనివే మోసినవా?" యని మాత్రమడిగి, లోపలినుండి కూతురి పాతనోటుపుస్తకము తెచ్చి మాచేతి కిచ్చెను. ఆ రాత్రి సాలారుజంగు చేసిన పనియే మేమును చేసితిమి: ఎవరికెంత, ఏ వడ్డీకి, ఏ పత్రముమీద నని గీత గీసి వ్రాసితిమి. ఆయన భయపడిన మొత్తముకంటె లెక్కలో తేలిన మొత్తము తక్కువగా నుండెను. భయము చక్రవడ్డీ కంటె వేగముగా పెరుగును.

అంతట ఏయే తలుపులు తెఱచియున్నవో విచారించితిమి. చదువరులలో నెవరి యింటికైన నక్కఱకు వచ్చునని యీ క్రింద వ్రాయుచున్నాము.

మొదటిది, న్యాయసేవాధికార సంస్థ. 1987 నాటి చట్టము ప్రకారము స్త్రీలకు ఆదాయముతో నిమిత్తము లేకయు, పేదలకును, షెడ్యూల్డు కులముల తెగలవారికిని వకీలును ఉచితముగా నియ్యవలెను. 15100 అను సంఖ్యకు ఫోను చేయవచ్చును. నగరమున నీ సంస్థ పురానీ హవేలీ ప్రాంగణమున నున్నది. ఎవని పేర లష్కరు వెలసెనో ఆ సికందర్ జా తొలుత నివసించిన హవేలీ యిదియే. దండు ఖర్చు తలకెత్తుకొనిన వంశమువారి యింట నేడు బాకీదారునికి ఉచితముగా సలహా దొరకుచున్నది. రెండవది, లోకు అదాలతు. అందు రుసుము లేదు. ఉభయులు సమ్మతించిన తీర్పుపై నప్పీలు లేదు. మా మిత్రుని బ్యాంకు ఋణ మచ్చటనే వడ్డీలో కొంత తగ్గి వాయిదాలపై కుదిరెను. మూడవది, రిజర్వుబ్యాంకు నియమములు. వసూలుదారు ఉదయము 8 గంటలకు ముందుగాని, సాయంకాలము 7 గంటల తరువాతగాని బాకీదారునికి ఫోను చేయరాదు; బంధువులను అవమానింపరాదు. బ్యాంకు వినకున్నచో అంబుడ్సుమనుకు వ్రాసికొనవచ్చును. యాపుల బెదిరింపులకు 1930 అను సైబరు నేరముల సంఖ్య గలదు; ఆ ఫిర్యాదు పిమ్మట మా మిత్రుని ఫోను మూగవోయెను. మనస్సు చీకటియైనవానికి టెలీమానసువారి 14416 గలదు. ఇది బాకీ తీర్చదు గాని బాకీదారుని నిలుపును.

ఇక ఐ.పీ. 2016లో వచ్చిన క్రొత్త దివాలా స్మృతి కంపెనీలకును, 2019 డిసెంబరునుండి కంపెనీల అప్పులకు హామీయున్న వ్యక్తులకును వర్తించుచున్నది. అందు చిన్న బాకీదారులకై యొక సులభమార్గము వ్రాయబడియున్నను, మేమీ పంక్తులు వ్రాయునప్పటికి అది అమలునకు రాలేదు. కావున దర్జీవానికిని బడిపంతులుకును 1920 నాటి పాతచట్టమే గతి. ఐదువందల రూపాయలకు తక్కువకాని బాకీలుండి తీర్చజాలనివాడు తన ప్రాంతపు సివిలు న్యాయస్థానమున అర్జీ పెట్టుకొనవచ్చును. న్యాయస్థాన మంగీకరించినచో నతని యాస్తి న్యాయస్థానమునకు చేరి, అప్పులవారందఱికి పాళ్లచొప్పున పంచబడును. అతడు దాపరికము లేక నడచుకొనినచో కొంతకాలమునకు విముక్తి దొరకును. కట్టుబట్టలు, వంటపాత్రలు, స్త్రీ మెడనుండి తీయరాని మంగళసూత్రము, చేతిపనివాని పనిముట్లు జప్తుకు రావు. ఆయన కుట్టుమిషను పనిముట్టులలోనిదేయని వకీలు చెప్పగా ఆయన మొగము తేటపడెను. పెట్టెలలోని సేనాధిపతుల దుస్తులు మాత్రము సరకు, అవి పోవును.

కాని ఐ.పీ. సర్వరోగనివారిణి కాదు. సర్కారు బాకీయు, మోసముచే చేసిన బాకీయు, భార్యాబిడ్డల మనోవర్తియు దానిచే తీరవు. చెల్లని చెక్కుపై క్రిమినలు కేసు దానిచే నాగదు. అందు రెండేండ్లవఱకు శిక్ష గలదు. తాకట్టు పెట్టుకొనినవాని హక్కు పోదు. అన్నిటికంటె ముఖ్యముగా, బాకీదారుడు విముక్తుడైనను హామీ సంతకము చేసినవాడు విముక్తుడు కాడు. మా మిత్రుని ప్రాణమిచ్చటనే చిక్కుకొనెను. తాను అర్జీ పెట్టిన మఱునాడు ఫైనాన్సువాడు బావమఱది గుమ్మమెక్కును. "నా మెడ తప్పించి వాని మెడ కెత్తమంటరా?" యని ఆయన యడిగెను. ఈ ప్రశ్నకు చట్టములో జవాబు లేదు. ఆయనయే బావమఱదియొద్దకు పోయి నోటుపుస్తకము ముందుపెట్టెను. ఆ యువకుడు మూడుదినములు మాటలాడలేదు. నాలవదినమున వచ్చి, ఆ యొక్క పత్రపు బాకీని ఇద్దఱము కలిసి ఫైనాన్సువానితో లోకు అదాలతులో తేల్చుకొందమనెను. ఫైనాన్సువాడు దానికి ఇంకను ఒప్పుకొనలేదు. తక్కిన బాకీలకై సికిందరాబాదు సివిలు న్యాయస్థానమున అర్జీ పడినది, విచారణలో నున్నది. పెట్టెలు రెండు కదలినవి. మిషను నడచుచున్నది.

ఐ.పీ. పేర మోసము చేయువారు లేరా యని కొంద ఱడుగుదురు. ఉన్నారు. ఆస్తిని ముందుగా భార్యపేర వ్రాసి చేతులెత్తువారిని మేమును చూచితిమి. చిట్టీలో కూలిసొమ్ము దాచుకొనిన విధవ యట్టివానివలన మునుగును. ఆమె కన్నీటికి మనము బాధ్యులము కామనరాదు. చట్టమును దీని నెఱిగియే యున్నది: అర్జీకి ముందు రెండేండ్లలో సద్భావము లేక చేసిన బదిలీలను న్యాయస్థానము కొట్టివేయవచ్చును, మూడునెలలలో నొక్క ఋణదాతకు పక్షపాతముగా చెల్లించినదియు చెల్లదు. లెక్క దాచువానిని, లెక్క చూపువానిని వేఱుపఱచుటకే న్యాయస్థానమున్నది. మన నాలుక యిద్దఱిని ఒక్క పేరుతో పిలుచుచున్నది, అది యన్యాయము.

మన పూర్వులు ఋణమును సిగ్గుగా నెంచలేదు, వ్యవహారముగా నెంచిరి. మనుష్యుడు దేవ ఋషి పితృ ఋణములతోనే పుట్టునని వేదము చెప్పెను. పదునెనిమిది వ్యవహారపదములలో ఋణాదానమునే మొదటిదిగా నుంచిరి. వడ్డీ యసలును మించి రెట్టింపునకు మీఱరాదని మనువు కట్టడిచేసెను. తండ్రియప్పు కొడుకు తీర్చుట ధర్మమనిన పాతనియమమును సైతము 2005 నాటి సవరణచట్టము న్యాయస్థానములనుండి తొలగించెను. అప్పు తీర్చలేనంతమాత్రమున, దురుద్దేశము లేనివానిని జైలులో పెట్టరాదని సర్వోన్నత న్యాయస్థానము 1980లోనే చెప్పెను. చట్టము ఇన్ని మెట్లు దిగివచ్చినది. మన అరుగు మాత్రము దిగలేదు.

కావున చదువరులకు మా విన్నపము లివి. ఇంటి యప్పుల పుస్తకము దంపతు లిద్దఱి చేతను ఉండవలెను. స్త్రీకి తెలియని అప్పు ఇంటిలో దాగిన పాము. ఖాళీచెక్కుపై సంతకము చేయకుడు, చేయించుకొనకుడు. కూతురి పెండ్లిని అయిదేండ్ల వడ్డీతో కొలిచి చూడుడు. హామీసంతకము చేయునప్పుడు, ఆ సొమ్ము మీరే చెల్లింపవలసివచ్చినచో చెల్లింపగలరా యని యడుగుకొనుడు. మీ బంధువులలో నెవరైన ఐ.పీ. పెట్టినచో, వచ్చు పండుగకు వారిని పిలువుడు, కుర్చీ వేయుడు, వారి కుమార్తెకు సంబంధము వచ్చినప్పుడు గొంతు తగ్గింపక మాటలాడుడు. న్యాయస్థాన మియ్యగల విముక్తి బాకీలకు మాత్రమే. మర్యాద నియ్యవలసినవారము మనము.